నాఫ్తలీన్‌ను బ్యాక్టీరియా విడగొట్టే దారి: ఎంజైములు, మధ్య పదార్థాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

నాఫ్తలీన్ తిని బతికే బ్యాక్టీరియాతో ప్రయోగాలు చేసేవాళ్లను కొన్ని సందేహాలు పదే పదే పట్టుకుంటాయి. రంగు వచ్చింది, దాని అర్థమేమిటి? రంగు రాలేదు, ఎక్కడ ఆగింది? ఎంజైమ్ నిన్న పనిచేసింది, ఇవాళ ఎందుకు చేయడం లేదు? అలాంటివన్నీ ఇక్కడ దశలవారీగా పోగుచేశాం. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. సూడోమోనాస్ పుటిడాలో ఎన్‌ఏహెచ్7 అనే ప్లాస్మిడ్ (క్రోమోజోముకు వేరుగా ఉండే డీఎన్‌ఏ వలయం) మీద ఉన్న దారిని ఆధారంగా తీసుకున్నాం. వేరే జీవుల్లో తేడా ఉంటే ఆ మాట అక్కడే చెప్పాం.

## ముందుగా దారి మొత్తం

నాఫ్తలీన్ నుంచి చివరిదాకా ఏ పదార్థం తర్వాత ఏది వస్తుంది? ఒక్కసారి వరసగా చెప్పండి

రెండు వలయాల నాఫ్తలీన్ మీద నాఫ్తలీన్ డయాక్సిజనేజ్ (నాహ్‌ఏ; ‘నాహ్’ పేర్లన్నీ ఈ దారి జన్యువులవి, అవి చేసే ప్రోటీన్లవి) ఒక ఆక్సిజన్ అణువులోని రెండు పరమాణువులనూ పక్కపక్క కార్బన్ల మీద పెడుతుంది. దాంతో సిస్-డైహైడ్రోడయోల్ వస్తుంది. నాహ్‌బీ దాని నుంచి హైడ్రోజన్ తీసేస్తే 1,2-డైహైడ్రాక్సీనాఫ్తలీన్ మిగులుతుంది. నాహ్‌సీ ఆ వలయాన్ని తెంపుతుంది. తెగిన కొస వెంటనే మడుచుకుని 2-హైడ్రాక్సీక్రోమీన్-2-కార్బాక్సిలేట్‌గా మారుతుంది. నాహ్‌డీ దాన్ని తెరిచి హైడ్రాక్సీబెంజిలిడీన్‌పైరువేట్‌గా మారుస్తుంది. నాహ్‌ఈ దాన్ని రెండుగా విరిచి సాలిసిలాల్డిహైడ్‌ను, పైరువేట్‌ను ఇస్తుంది. నాహ్‌ఎఫ్ ఆల్డిహైడ్‌ను సాలిసిలేట్ చేస్తుంది. ఇక్కడికి పై దారి పూర్తవుతుంది.

కింది దారిలో నాహ్‌జీ సాలిసిలేట్‌ను కాటెకాల్‌గా మారుస్తుంది. నాహ్‌హెచ్ కాటెకాల్ వలయాన్ని తెంపి పసుపు రంగు 2-హైడ్రాక్సీమ్యుకోనిక్ సెమీఆల్డిహైడ్‌ను ఇస్తుంది. అక్కడి నుంచి మరికొన్ని ఎంజైములు దాన్ని పైరువేట్, ఎసిటైల్ కోఏ దాకా తీసుకెళ్తాయి. అవి రెండూ కణం రోజూ వాడుకునే పదార్థాలే.

పది కార్బన్లు చివరికి ఎక్కడెక్కడికి పోతాయి?

పై దారిలో నాహ్‌ఈ విరిచినప్పుడు 3 కార్బన్లు పైరువేట్‌గా బయటపడతాయి, 7 సాలిసిలాల్డిహైడ్‌లో ఉంటాయి. సాలిసిలేట్ కాటెకాల్ అయ్యేటప్పుడు 1 కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. కాటెకాల్‌లోని 6 కార్బన్లలో ఇంకొకటి డీకార్బాక్సిలేజ్ మెట్టు దగ్గర కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, 3 మళ్లీ పైరువేట్ అవుతాయి, చివరి 2 ఎసిటాల్డిహైడ్ మీదుగా ఎసిటైల్ కోఏలో చేరతాయి. 3, 1, 1, 3, 2 కలిపితే 10. మీరు కొలిచిన మధ్య పదార్థాల మొత్తం ఈ లెక్కకు చాలా తక్కువగా ఉంటే, ఏదో పదార్థం ఎగిరిపోయిందనో గోధుమ రంగు పాలిమర్‌గా మారిందనో అనుమానించాలి.

ఈ పనికి ఆక్సిజన్ నిజంగా ఎంత కావాలి?

అందరూ అనుకునేదానికంటే చాలా ఎక్కువ. కాటెకాల్ వలయం తెగేదాకా లెక్కపెట్టినా ఒక్కో నాఫ్తలీన్ అణువుకు 4 ఆక్సిజన్ అణువులు కావాలి: నాహ్‌ఏ, నాహ్‌సీ, నాహ్‌జీ, నాహ్‌హెచ్‌లకు తలా ఒకటి. పూర్తిగా కార్బన్ డయాక్సైడ్, నీరుగా మారాలంటే 12 కావాలి.

ఒక ఉదాహరణ చూడండి. మూత బిగించిన 250 మి.లీ. ఫ్లాస్కులో 50 మి.లీ. మీడియం పోసి, లీటరుకు 1 గ్రాము చొప్పున 50 మి.గ్రా. నాఫ్తలీన్ వేశారనుకోండి. అది 0.39 మిల్లీమోల్. పూర్తిగా కార్బన్ డయాక్సైడ్, నీరుగా మారడానికి సుమారు 4.7 మిల్లీమోల్ ఆక్సిజన్ కావాలి. పైన ఉన్న 200 మి.లీ. గాలిలో ఉండేది దాదాపు 1.7 మిల్లీమోల్. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు పావు మిల్లీమోల్ లోపే కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. కార్బన్‌లో సగం కణాల ఒంట్లో కలిసిందనుకున్నా ఆక్సిజన్ చాలదు. కల్చర్ సగంలో ఆగిపోతే ఎంజైమ్‌ను తప్పుపట్టే ముందు ఈ లెక్క వేయండి. అదే ఫ్లాస్కులో 15 మి.గ్రా. దాటకపోతే మూత బిగించినా ఇబ్బంది ఉండదు.

ఆక్సిజన్ లేనిచోట నాఫ్తలీన్ విడిపోదా?

విడిపోతుంది, కానీ ఆ దారి పూర్తిగా వేరు. సల్ఫేట్‌ను శ్వాసకు వాడుకునే కొన్ని బ్యాక్టీరియా నాఫ్తలీన్‌కు కార్బాక్సిల్ గుంపు తగిలించి 2-నాఫ్తోయిక్ ఆమ్లం చేస్తాయి. తర్వాత దాన్ని కోఏ అనే సహాయక అణువుకు కట్టి, వలయాన్ని తెంపకుండా ముందు దాని ద్విబంధాలను తగ్గిస్తాయి. ఆ పెరుగుదల వారాలు, నెలలు పడుతుంది. డయాక్సిజనేజులకు అక్కడ పనిలేదు.

## పెంపకం దశ

నాఫ్తలీన్‌ను అగర్‌లో కలపాలా, మూతలో పెట్టాలా?

మూతలో పెట్టండి. కార్బన్ లేని ఖనిజ లవణాల అగర్ ప్లేటు మీద కణాలు పూసి, ప్లేటు బోర్లించి, మూతలో చిటికెడు స్ఫటికాలు వేయాలి. ఆవిరే పైకి చేరి ఆహారమవుతుంది. ప్లేటును పారాఫిల్మ్‌తో చుట్టి, గాజు డబ్బాలోనో డెసికేటర్‌లోనో ఉంచి 28–30 డిగ్రీల దగ్గర పెట్టండి. ఆ ఇంక్యుబేటర్‌లో వేరేవాళ్ల ప్లేట్లు ఉంటే వాటికీ ఆవిరి చేరుతుంది, వాళ్ల కంట్రోళ్లు పాడవుతాయి. నాఫ్తలీన్ వేయని ప్లేటు ఒకటి తప్పకుండా పక్కన, కానీ వేరే డబ్బాలో పెట్టుకోండి. అగర్‌లోని మలినాల మీదే చిన్న కాలనీలు లేచే జాతులు చాలా ఉన్నాయి.

కలరా ఉండలు పొడి చేసి వాడొచ్చా?

వద్దు. కొన్ని ఉండలు నాఫ్తలీన్‌తో చేసినవి కావు, పారా-డైక్లోరోబెంజీన్‌తో చేసినవి. వాసన దగ్గరగానే ఉంటుంది, కానీ ఈ ఎంజైములకు అది ఆహారం కాదు. నాఫ్తలీన్ ఉండల్లోనూ రంగులు, బంధకాలు ఉంటాయి.

ద్రవ కల్చర్‌లో ఎంత వేయాలి? కరగడం లేదు

కరగదు. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో కరిగేది సుమారు 31 మి.గ్రా. మాత్రమే, అంటే పావు మిల్లీమోలార్. మిగతాది స్ఫటికాలుగా ఉండి, కణాలు తినేకొద్దీ కరుగుతుంది. అందుకే కరిగే వేగమే పెరుగుదల వేగాన్ని నిర్ణయిస్తుంది. ముద్దగా వేస్తే నెమ్మదిగా, మెత్తగా నూరి వేస్తే త్వరగా పెరుగుతాయి. అసిటోన్‌లో కరిగించి ఖాళీ ఫ్లాస్కులో పోసి, అసిటోన్ ఆరిపోయాక మీడియం పోసే పద్ధతి బాగుంటుంది. అయితే ఎక్కువసేపు ఆరబెడితే నాఫ్తలీన్ కూడా ఎగిరిపోతుంది. అసిటోన్ కాస్త మిగిలినా కొన్ని జాతులు దాన్నే తింటాయి, ఫలితం మోసం చేస్తుంది. ప్లాస్టిక్ గొట్టాలు వాడకండి, నాఫ్తలీన్ వాటి గోడల్లోకి ఇంకిపోతుంది. గాజు పాత్రలు, టెఫ్లాన్ పూత ఉన్న మూతలు కావాలి.

మూడు రోజుల్లో నాఫ్తలీన్ 80 శాతం తగ్గింది. బ్యాక్టీరియా తిన్నట్టేనా?

ఆ ఒక్క అంకెతో చెప్పలేం. దూది బిరడా పెట్టిన ఫ్లాస్కును షేకర్ మీద పెడితే కణాలు లేకపోయినా నాఫ్తలీన్ చాలా భాగం ఎగిరిపోతుంది. చంపిన కణాలతో ఒక ఫ్లాస్కు, కణాలే లేనిది ఒకటి, బతికినవి ఒకటి పెట్టి మూడింటినీ పోల్చాలి. ఒకే ఫ్లాస్కు తెరిచి రోజూ కొంచెం కొంచెం తీసుకోవడం కూడా తప్పే. ప్రతి సమయానికి విడి ఫ్లాస్కు పెట్టి, ఆ వేళకు మొత్తం ఫ్లాస్కులోనే ద్రావణి పోసి సేకరించాలి. దానితోపాటు కణాల ప్రోటీన్ పెరిగిందా, సాలిసిలేట్ వచ్చి పోయిందా అన్నది కూడా చూపిస్తేనే మాట నిలబడుతుంది.

మీడియంలో ఇనుము వేయడం మర్చిపోతే ఏమవుతుంది?

ఈ దారిలో ఇనుము లేకుండా పనిచేయని ఎంజైములు కనీసం మూడు: నాహ్‌ఏ, నాహ్‌సీ, నాహ్‌హెచ్. ఇనుము తక్కువైతే పెరుగుదల మందగించడమే కాకుండా, తెగాల్సిన వలయాలు తెగక డయోళ్లు (రెండు హైడ్రాక్సిళ్లున్న మధ్య పదార్థాలు) పేరుకుని మీడియం గోధుమ రంగుకు తిరుగుతుంది. ఫెర్రస్ సల్ఫేట్ 10–20 మైక్రోమోలార్ సరిపోతుంది. ఫాస్ఫేట్ ఎక్కువున్న మీడియంలో వేసి ఆటోక్లేవ్ చేస్తే ఇనుము అవక్షేపంగా కూర్చుంటుంది. అందుకని విడిగా వడగట్టి, మీడియం చల్లారాక కలపండి.

కణాలు త్వరగా రావాలని సక్సినేట్ కూడా వేశాను. ఎంజైమ్ కనిపించడం లేదు, ఎందుకు?

సూడోమోనాస్‌కు సక్సినేట్ వంటి సేంద్రియ ఆమ్లాలు, అమైనో ఆమ్లాలు అన్నిటికంటే ఇష్టమైన ఆహారం. ఈ విషయంలో అది గ్లూకోజ్‌ను ముందు తినే ఈ. కోలైకి భిన్నం. ఇష్టమైనది దొరికినంతసేపు సుగంధ వలయాలను విడగొట్టే జన్యువుల పనిని అణచి ఉంచుతుంది. ఎల్బీ లాంటి సారవంతమైన మీడియంలోనూ ఇంతే. ఎంజైమ్ కోసం కణాలు కావాలంటే సాలిసిలేట్‌నే ఏకైక కార్బన్‌గా ఇచ్చి పెంచండి. 2.5 నుంచి 5 మిల్లీమోలార్ మంచి మొదలు. ఆమ్లాన్ని నేరుగా వేయకుండా సోడియం లవణం వాడి, పీహెచ్ 7 దగ్గర నిలపండి. పీహెచ్ తగ్గితే సాలిసిలేట్ కణాలకు విషమవుతుంది.

## పై దారి: మొదటి వలయం

మొదటి ఎంజైమ్‌ను కణాల సారంలో కొలిస్తే ఏమీ రావడం లేదు. చచ్చిపోయిందా?

చచ్చిపోయి ఉండనక్కర్లేదు. నాఫ్తలీన్ డయాక్సిజనేజ్ మూడు ప్రోటీన్ల బృందం. రిడక్టేజ్ ఎన్‌ఏడీహెచ్ అనే చిన్న అణువు నుంచి ఎలక్ట్రాన్లు తీసుకుని ఫెరడాక్సిన్‌కు ఇస్తుంది, ఫెరడాక్సిన్ వాటిని ఆక్సిజనేజ్‌కు మోసుకెళ్తుంది. ఆక్సిజనేజ్‌లో మూడు ఆల్ఫా, మూడు బీటా ఉపభాగాలు ఉంటాయి. ప్రతి ఆల్ఫాలో ఒక రీస్కీ ఇనుము-గంధకం గుత్తి, ఒక ఒంటరి ఇనుము ఉంటాయి. 1998లో వెలువడిన స్ఫటిక నిర్మాణం ఈ అమరికను కళ్లకు కట్టింది. ఎలక్ట్రాన్ ఒక ఆల్ఫాలోని రీస్కీ గుత్తి నుంచి పక్క ఆల్ఫాలోని ఇనుముకు దూకుతుంది.

దీని వల్ల ఆచరణలో ఒక చిక్కు వస్తుంది. కణాలను పగలగొట్టి సారాన్ని పలుచన చేస్తే ఈ మూడు ప్రోటీన్లు ఒకదానికొకటి దూరమవుతాయి. ప్రోటీన్ సగం చేస్తే వేగం సగానికి కాక ఇంకా కిందికి పడిపోతుంది. గాఢమైన సారం వాడండి, లేదా కణాలను పగలగొట్టకుండానే కొలవండి: కడిగిన కణాలకు నాఫ్తలీన్ ఇచ్చి ఆక్సిజన్ తగ్గే వేగాన్ని ఎలక్ట్రోడ్‌తో చూడండి. నాఫ్తలీన్ ఇవ్వకముందు కణాలు వాడుకునే ఆక్సిజన్‌ను అందులోంచి తీసేయడం మర్చిపోవద్దు.

కాలనీలు నీలంగా మారాయి. కలుషితమైందా?

చాలాసార్లు అది శుభవార్తే. నాఫ్తలీన్ డయాక్సిజనేజ్ ఇండోల్ మీద కూడా పనిచేస్తుంది. వచ్చిన డయోల్ నీరు కోల్పోయి ఇండాక్సిల్ అవుతుంది, అది గాలి తగిలి నీలి రంగు ఇండిగో అవుతుంది. ఈ జన్యువులను ఈ. కోలైలో పెడితే ఇండిగో వస్తుందని 1983లోనే చూపించారు. ఈ. కోలై తనలోని ట్రిప్టోఫాన్ నుంచి ఇండోల్ తయారుచేసుకుంటుంది కాబట్టి బయటి నుంచి ఇవ్వాల్సిన అవసరం కూడా ఉండదు. సూడోమోనాస్‌కైతే మూతలో ఇండోల్ స్ఫటికాలు కొద్దిగా పెట్టాలి. ఎక్కువైతే అది కణాలను చంపుతుంది. ఒక జాగ్రత్త: ఇండోల్‌ను ఇండిగో చేసే ఇతర ఆక్సిజనేజులు కూడా ఉన్నాయి. నీలం వచ్చినంత మాత్రాన నాహ్‌ఏ ఉందని తీర్మానించకండి.

మీడియం గోధుమ రంగుకు తిరిగి, పెరుగుదల ఆగిపోయింది. ఏ మెట్టు దగ్గర తప్పింది?

ముందు 1,2-డైహైడ్రాక్సీనాఫ్తలీన్‌ను అనుమానించండి. తటస్థ పీహెచ్ దగ్గర గాలి తగిలితే ఇది ఎంజైమ్ సాయం లేకుండానే 1,2-నాఫ్తోక్వినోన్ అవుతుంది, అది ప్రోటీన్లకు అతుక్కునే విషం. నాహ్‌సీ మందగిస్తే ఇదే జరుగుతుంది. కాటెకాల్ పేరుకున్నా గోధుమ రంగే వస్తుంది కాబట్టి రంగు ఒక్కటే చూసి తేల్చలేం. కొద్దిగా తీసి వెంటనే ఆమ్లీకరించి, ఇథైల్ అసిటేట్‌తో సేకరించి హెచ్‌పీఎల్‌సీలో (పదార్థాలను వేరుచేసి కొలిచే పరికరంలో) రెండు ప్రామాణికాలతో పోల్చాలి. నాహ్‌సీని విడిగా కొలిచేటప్పుడూ ఇదే చిక్కు వస్తుంది. అందుకే ఆ పదార్థాన్ని అప్పటికప్పుడు ద్రావణిలో కరిగించి, పీహెచ్ 5.5 అసిటేట్ బఫర్‌లో కొలుస్తారు. ఆ పీహెచ్ దగ్గర అది కొంతసేపు నిలబడుతుంది.

నాహ్‌డీ లేకపోయినా హైడ్రాక్సీక్రోమీన్ తెరుచుకునే మార్పు దానంతట అదే జరుగుతుందట కదా. మరి ఎంజైమ్ ఎందుకు?

జరుగుతుంది, కానీ చాలా నెమ్మదిగా. ఎంజైమ్ ఉంటే రెండు రూపాలూ వేగంగా సమతుల్యానికి వస్తాయి. ఈ ఐసోమరేజ్ (నాహ్‌డీ) గ్లూటాథయోన్ అనే చిన్న అణువును తోడు పెట్టుకుని పనిచేస్తుంది. సారాన్ని డయాలిసిస్ చేస్తే (పొర గుండా చిన్న అణువులను బయటికి పంపితే) గ్లూటాథయోన్ పోతుంది, చర్య పడిపోతుంది. తిరిగి కలపండి.

## సాలిసిలేట్ నుంచి కాటెకాల్

సాలిసిలేట్ పేరుకుంటోంది, తగ్గడం లేదు

కాసేపు పేరుకోవడం సహజమే. పై దారి వేగంగా, కింది దారి కాస్త ఆలస్యంగా నడిస్తే మధ్యలో సాలిసిలేట్ ఒక గుట్టలా లేచి తర్వాత దిగుతుంది. దిగకపోతే ఆక్సిజన్ చాలడం లేదా, పీహెచ్ 6 కంటే కిందికి వెళ్లిందా అని ముందు చూడండి. రెండూ బాగుంటే జన్యువు మారి నాహ్‌జీ పోయిన జాతి (మ్యుటెంట్) కావచ్చు. ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే సాలిసిలేట్‌కు ఊదా రంగు, కాటెకాల్‌కు ఆకుపచ్చ వస్తాయి. ఫాస్ఫేట్ ఎక్కువున్న మీడియంలో ఈ పరీక్ష బలహీనపడుతుంది కాబట్టి పోల్చడానికి అదే మీడియంలో ప్రామాణికం కలిపి చూడండి.

నాహ్‌జీని 340 నానోమీటర్ల దగ్గర ఎన్‌ఏడీహెచ్ తగ్గుదలతో కొలిస్తే చాలా?

చాలదు. సాలిసిలేట్ హైడ్రాక్సిలేజ్ (నాహ్‌జీ) ఎఫ్‌ఏడీ అనే సహాయక అణువు ఉన్న మోనోఆక్సిజనేజ్. ఒక ఆక్సిజన్ పరమాణువు కాటెకాల్‌లో చేరుతుంది, రెండోది నీరవుతుంది, కార్బాక్సిల్ గుంపు కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. అసలు చిక్కు బెంజోయేట్ లాంటి పోలిక పదార్థాల దగ్గర వస్తుంది. అవి ఎంజైమ్‌లో కూర్చుని ఎన్‌ఏడీహెచ్‌ను ఖర్చు చేయిస్తాయి, కానీ వాటికి హైడ్రాక్సిల్ చేరదు, ఆక్సిజన్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా వృథా అవుతుంది. ఎన్‌ఏడీహెచ్ తగ్గింది కాబట్టి ఉత్పత్తి వచ్చిందనుకుంటే పొరబాటు. కాటెకాల్‌ను కూడా కొలిచి రెండు అంకెల నిష్పత్తి చెప్పండి.

ఈ ఒక్క జన్యువు మొక్కల పరిశోధనలోకి వెళ్లి పెద్ద పనే చేసింది. నాహ్‌జీ పెట్టిన మొక్కల్లో సాలిసిలిక్ ఆమ్లం నిలవక రోగనిరోధం దెబ్బతిన్నదని 1993లో చూపించారు. ఆ లోపాల్లో కొన్ని సాలిసిలిక్ ఆమ్లం లేకపోవడం వల్ల కాదనీ, వచ్చిన కాటెకాల్ వల్లనేననీ తర్వాత తేలింది. మధ్య పదార్థాన్ని మర్చిపోతే ఎంత తేడా వస్తుందో దాన్నిబట్టి తెలుస్తుంది.

మా జాతిలో కాటెకాల్ ఎక్కడా కనిపించడం లేదు, కానీ నాఫ్తలీన్ మీద బాగా పెరుగుతోంది

అది జెంటిసేట్ దారి కావచ్చు. రాల్‌స్టోనియా యూ2 వంటి జాతులు సాలిసిలేట్‌కు 5వ స్థానంలో హైడ్రాక్సిల్ చేర్చి జెంటిసేట్ చేస్తాయి. జెంటిసేట్ డయాక్సిజనేజ్ దాన్ని తెంపి మలైల్‌పైరువేట్ ఇస్తుంది, చివరికి ఫ్యూమరేట్, పైరువేట్ వస్తాయి. సారానికి జెంటిసేట్ ఇచ్చి 330 నానోమీటర్ల దగ్గర శోషణ పెరుగుతుందేమో చూడండి.

## కాటెకాల్ వలయం తెగే దశ

ఆర్థో, మెటా అంటే ఏమిటి? తేడా వల్ల ఏం ఒరుగుతుంది?

రెండు హైడ్రాక్సిళ్ల మధ్య బంధం తెగితే ఆర్థో, వాటి పక్క బంధం తెగితే మెటా. ఆర్థోను కాటెకాల్ 1,2-డయాక్సిజనేజ్ చేస్తుంది. అందులో ఫెర్రిక్ ఇనుము ఉంటుంది, శుద్ధి చేస్తే ఎర్రగా కనిపిస్తుంది. రంగులేని సిస్,సిస్-మ్యుకోనేట్ వచ్చి, బీటా-కీటోఅడిపేట్ మీదుగా సక్సినైల్ కోఏ, ఎసిటైల్ కోఏ అవుతుంది. కార్బన్ డయాక్సైడ్‌గా ఏదీ పోదు. మెటాను కాటెకాల్ 2,3-డయాక్సిజనేజ్ (నాహ్‌హెచ్) చేస్తుంది. దానికి ఫెర్రస్ ఇనుము కావాలి, దాని ఉత్పత్తి పసుపు.

కార్బన్ పొదుపు చూస్తే ఆర్థోదే పైచేయి. కానీ మిథైల్ ఉన్న కాటెకాళ్లు ఆర్థో దారిలో పడితే మిథైల్ లాక్టోన్ల దగ్గర ఇరుక్కుపోవచ్చు, మెటా వాటిని సాఫీగా దాటిస్తుంది. క్లోరిన్ ఉన్నవాటితో మెటాకే ప్రమాదం. 3-క్లోరోకాటెకాల్ తెగినప్పుడు వచ్చే ఎసైల్ క్లోరైడ్ ఆ ఎంజైమ్‌నే కాల్చేస్తుంది. దాన్ని తట్టుకునే ఎంజైమ్ సూడోమోనాస్ పుటిడా జీజే31 వంటి అరుదైన జాతుల్లో ఉంది.

కాటెకాల్ చల్లితే పసుపు రాలేదు. ఆర్థో అనుకోవచ్చా?

పసుపు రాకపోవడం ఆర్థోకు రుజువు కాదు. కణాల్లో ఆ జన్యువులు మేల్కోకపోయినా పసుపు రాదు. సాలిసిలేట్ మీద పెంచిన కణాలతో రోథెరా పరీక్ష చేయండి. పీహెచ్ 8 ఉన్న 20 మిల్లీమోలార్ ట్రిస్ బఫర్ 2 మి.లీ.లో చిక్కగా కణాలు కలిపి, 0.5 మి.లీ. టాలుయీన్, 0.2 మి.లీ. 0.1 మోలార్ కాటెకాల్ వేసి ఊపండి. కొద్ది నిమిషాల్లో పసుపు వస్తే మెటా. రాకపోతే 30 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, 1 గ్రాము అమ్మోనియం సల్ఫేట్, ఒక చుక్క 1 శాతం సోడియం నైట్రోప్రుసైడ్, 0.5 మి.లీ. గాఢ అమ్మోనియా వేయండి. ముదురు ఊదా రంగు బీటా-కీటోఅడిపేట్‌ది, అంటే ఆర్థో. కాటెకాల్ చర్మం గుండా లోపలికి పోయే విషం, అమ్మోనియా కళ్లను మండిస్తుంది. చేతి తొడుగులు వేసుకుని ఫ్యూమ్ హుడ్‌లోనే చేయండి.

ప్లేటు మీద చల్లేటప్పుడు 100 మి.లీ. నీళ్లలో 1.1 గ్రాముల కాటెకాల్ చాలు, అప్పటికప్పుడు కలిపినదే వాడాలి. చల్లిన కాలనీలు తర్వాత లేవకపోవచ్చు కాబట్టి ముందే అవే కాలనీలను మరో ప్లేటు మీదికి తాకించి నకలు తీసిపెట్టుకోండి.

ఫ్లాస్కు పసుపుగా ఉంది. అది సెమీఆల్డిహైడేనా?

సూడోమోనాస్‌తో పనిచేసేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ఇనుము తక్కువైతే ఈ జాతులు పయోవర్డిన్ అనే పసుపుపచ్చ పదార్థాన్ని విడుదల చేస్తాయి. కణాలను తీసేసి పైద్రవాన్ని అతినీలలోహిత దీపం కింద పెట్టండి. పయోవర్డిన్ మెరుస్తుంది. సెమీఆల్డిహైడ్‌కు తటస్థ పీహెచ్ దగ్గర 375 నానోమీటర్ల వద్ద శిఖరం ఉంటుంది. ఆమ్లం వేస్తే దాని పసుపు మాయమవుతుంది, క్షారం వేస్తే మళ్లీ వస్తుంది.

కాటెకాల్ 2,3-డయాక్సిజనేజ్ చర్యను లెక్కించడం ఎలా?

పీహెచ్ 7.5 ఉన్న 50 మిల్లీమోలార్ ఫాస్ఫేట్ బఫర్‌లో 0.2–0.3 మిల్లీమోలార్ కాటెకాల్ వేసి, సారం కలిపి, 375 దగ్గర మొదటి నిమిషం వాలు తీసుకోండి. శోషణ గుణకం సుమారు 36 మిల్లీమోలార్⁻¹ సెం.మీ.⁻¹. కొందరు 33 వాడతారు కాబట్టి మీరు ఏది వాడారో రాయండి. 1 మి.లీ. క్యువెట్‌లో నిమిషానికి 0.36 పెరిగితే 10 నానోమోళ్లు తయారైనట్టు. అందులో వేసినది 10 మైక్రోలీటర్లు, దాని ప్రోటీన్ మి.లీ.కు 2 మి.గ్రా. అనుకుంటే ఉన్న ప్రోటీన్ 0.02 మి.గ్రా. అప్పుడు మి.గ్రా.కు నిమిషానికి 500 నానోమోళ్లు, అంటే మి.గ్రా.కు 0.5 యూనిట్ (యూనిట్ అంటే నిమిషానికి 1 మైక్రోమోల్). ముడి సారంలో ఎన్‌ఏడీ ఉంటే తర్వాతి ఎంజైమ్ నాహ్‌ఐ పసుపును తినేస్తుంది, అంకె తక్కువ వస్తుంది.

నిన్న పనిచేసిన ఎంజైమ్ ఇవాళ సున్నా. ఏం చేయాలి?

కాటెకాల్ 2,3-డయాక్సిజనేజ్‌లోని ఫెర్రస్ ఇనుము గాలి తగిలి ఫెర్రిక్ అవుతుంది, అప్పుడు ఎంజైమ్ పనిచేయదు. బఫర్‌లో 10 శాతం అసిటోన్ కలిపితే చాలాకాలం నిలబడుతుంది. వింతగా అనిపించినా ఇది దశాబ్దాలుగా వాడుతున్న చిట్కా. పాడైనదాన్ని ఆక్సిజన్ లేని చోట ఫెర్రస్ సల్ఫేట్, ఆస్కార్బేట్‌లతో కొంతవరకు తిరిగి లేపవచ్చు. ఇనుమును లాగేసే ఈడీటీఏ ఉన్న ప్రోటియేజ్ నిరోధక మిశ్రమాలను దగ్గరికి రానివ్వకండి.

## జన్యువులు, ప్లాస్మిడ్

నాఫ్తలీన్ ఇస్తేనే జన్యువులు మేల్కొంటాయా?

అసలు ప్రేరకం నాఫ్తలీన్ కాదు, సాలిసిలేట్. నాహ్‌ఆర్ అనే నియంత్రక ప్రోటీన్ సాలిసిలేట్ తగిలాకే పై దారి, కింది దారి రెండింటినీ లేపుతుంది. మరి మొదటి సాలిసిలేట్ ఎలా వస్తుంది? ఎప్పుడూ కొద్దిగా ఉండే పై ఎంజైములే మొదటి కాసిని అణువులను తయారుచేస్తాయి, అక్కడి నుంచి జోరందుకుంటుంది. నాహ్‌జీ పోయిన మ్యుటెంట్లలో సాలిసిలేట్ ఖర్చు కాకుండా నిలుస్తుంది కాబట్టి పై దారి ఎంజైములు మెండుగా ఉంటాయి. వాటిని తయారుచేసుకోవాలంటే అలాంటి జాతి మంచిది.

నాలుగుసార్లు ఎల్బీ మీద మార్చాక జాతి నాఫ్తలీన్ తినడం మానేసింది

ప్లాస్మిడ్ జారిపోయి ఉంటుంది. ఎన్‌ఏహెచ్7 పొడవు 80 కిలోబేసులకు పైనే. అవసరం లేనిచోట దాన్ని మోయని కణాలే ముందుకు పోతాయి. ఎల్బీ మీద విడి కాలనీలు తీసి, ఓ వంద కాలనీలను ఖనిజ అగర్ మీద మూతలో నాఫ్తలీన్‌తో ఒకటి, గ్లూకోజ్‌తో ఒకటి చొప్పున తాకించండి. గ్లూకోజ్ మీద లేచి నాఫ్తలీన్ మీద లేవనివి ఎన్నో లెక్కపెడితే నష్టం ఎంతో తెలుస్తుంది. ఇకమీదట నిల్వలను నాఫ్తలీన్ లేదా సాలిసిలేట్ మీద పెంచిన కణాల నుంచే, 15–20 శాతం గ్లిసరాల్‌తో మైనస్ 80 డిగ్రీల దగ్గర పెట్టండి. ప్రతి ప్రయోగానికీ ఆ నిల్వ నుంచే కొత్తగా మొదలుపెట్టండి.